మామయ్యగారి గదిలో టెంటు: వేడి ఒకటి, వాసన ఒకటి

చెన్నైలోని పెరుంబాక్కంలో, ఏడో అంతస్తులోని అద్దె ఫ్లాటు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అత్తగారు పోయిన ఏడాదికి, గూడూరు దగ్గరి పల్లెలో ఉన్న నిమ్మతోటను కౌలుకిచ్చి, 71 ఏళ్ల మామగారు వీరి దగ్గరికి వచ్చేశారు. బాల్కనీకి ఎదురుగా ఇంకో టవర్ ఉండటంతో కుండీలకు ఎండ తగలదు. ఏమీ తోచక కూర్చునే తండ్రిని చూడలేక కొడుకు కిందటి డిసెంబరులో ఒక గ్రో టెంటు (ఇంట్లోనే దీపం వెలుగులో మొక్కలు పెంచే గుడ్డ డేరా) తెప్పించి ఆయన గదిలో బిగించారు. టెంటు పొడవూ వెడల్పూ మూడేసి అడుగులు, ఎత్తు ఆరడుగులు. దానితోపాటు 150 వాట్ల ఎల్‌ఈడీ దీపం, గంటకు 190 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని పెట్టె మీద రాసి ఉన్న నాలుగంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, కార్బన్ ఫిల్టర్, డక్టు గొట్టం వచ్చాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో లెట్యూస్, బేసిల్, కొత్తిమీర చక్కగా పెరిగాయి. "మామయ్యగారు మళ్లీ మాటల్లో పడ్డారు" అని ఆమె రాశారు.

మార్చి నుంచి లెట్యూస్ కాడ లేచి చేదెక్కింది, కొత్తిమీర పూతకొచ్చింది, కొత్తగా పోసిన నారు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతోంది. ఆమె ఓపికగా అంకెలు కూడా రాసి పంపారు. పగలు దీపం వెలుగుతూ, ఏసీ 24 మీద ఉన్నప్పుడు గదిలో 28 డిగ్రీలు, టెంటులో 36. రాత్రి దీపం ఆపాక టెంటులో 32 డిగ్రీలు, తేమ 92 శాతం. ఫ్యాను తిరుగుతున్నప్పుడు టెంటు గోడలు పొట్ట బిగపట్టినట్టు లోపలికి వంగిపోతాయట. డక్టు గొట్టం చివరను స్లైడింగ్ కిటికీలో థర్మాకోల్ ముక్క అమర్చి బయటికి పెట్టారు. కరెంటు బిల్లు జనవరి, ఫిబ్రవరి నెలలకు 480 యూనిట్లు వస్తే, మార్చి, ఏప్రిల్ నెలలకు 910 వచ్చింది. దానికి కారణం టెంటేనని భర్త ఒకరోజు గట్టిగా అన్నారు. అదే విసురులో "నాన్న గదిలోకి వెళ్తే ఏదో వాసన" అని కూడా అన్నారు. ఆ మాట పెద్దాయన చెవిన పడింది. అప్పటి నుంచి ఆయన రోజుకు రెండుసార్లు తన బాత్రూమ్‌ను ఫినాయిల్‌తో కడుగుతున్నారు. రాత్రి అందరూ పడుకున్నాక ఏసీ ఆపేసి, కిటికీ తీసుకుని చెమటలో పడుకుంటున్నారు. అడిగితే "మొక్కలకు చలి పడదమ్మా" అంటున్నారు.

"టెంటు తీసేద్దామంటే ఆయన మారుమాట లేకుండా తీసేస్తారు, నా భయం అదే. ఇంకా పెద్ద ఫ్యాను కొనాలా? చిన్న కూలర్ సరిపోతుందా? ఐస్ సీసాలు పెట్టమని ఒకరు చెప్పారు. రాత్రి మొక్కల పక్కన పడుకోవడం మంచిదేనా?" ఇవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, ముందు ఒక చిన్న మాట. రాత్రి మొక్కలు బొగ్గుపులుసు వాయువు వదులుతాయి, నిజమే. కానీ తొమ్మిది చదరపు అడుగుల ఆకుకూరలు వదిలేది, ఆ గదిలోనే పడుకున్న మనిషి వదిలేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు. దాని గురించి దిగులు వద్దు. డెబ్బై దాటిన మనిషి ఏసీ ఆపుకొని ఉక్కలో పడుకోవడమే అసలు దిగులుపడాల్సిన సంగతి. ఆ వయసులో దాహం సరిగా తెలియదు, బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి. మే మొదటివారంలో కర్తరి మొదలవుతుంది. టెంటు విషయం తేలేదాకా ఆగకుండా, ఈ రాత్రి నుంచే ఆయన గదిలో ఏసీ నడిచేలా చూడండి. 27 మీద పెట్టి సీలింగ్ ఫ్యాను వేసినా చాలు. ఈ విషయంలో మాత్రం నేను రెండు మార్గాలు చూపించడం లేదు.

ఇక టెంటు. మీరు పంపిన అంకెల్లో అన్నిటికంటే విలువైనది 36 కాదు, 28కీ 36కీ మధ్య ఉన్న ఎనిమిది డిగ్రీల తేడా. దీపం తీసుకునే కరెంటు చివరకు దాదాపు అంతా వేడిగానే మారుతుంది, కాబట్టి మీ టెంటులో 150 వాట్ల పొయ్యి ఒకటి సన్నగా వెలుగుతోందనుకోండి. ఫ్యాను ఆ వేడిని బయటికి మోసుకుపోతుందే తప్ప దేన్నీ చల్లబరచదు. ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా, తాను లాగే గాలి కంటే టెంటును చల్లగా చేయలేదు. 150 వాట్ల వేడికి గంటకు 150 ఘనపు మీటర్ల గాలి కదిలితే టెంటు గది కంటే మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఎనిమిది డిగ్రీలు ఎక్కువ ఉందంటే, మొక్కలు ఆవిరిగా వదిలే నీటిని పక్కన పెట్టి చూస్తే, కదులుతున్నది 56 ఘనపు మీటర్లకు అటూ ఇటూ. అంటే పెట్టె మీద రాసినదానిలో మూడో వంతు కూడా లేదు.

మిగిలిన గాలి ఏమైందో మీ ఉత్తరంలోనే ఉంది. పొట్ట బిగపట్టినట్టు గోడలు లోపలికి వంగడమంటే, పైనుంచి లాగుతున్నంత గాలి కింది నుంచి లోపలికి రావడం లేదని అర్థం. దోమలు వస్తాయనో, ఏసీ గాలి నేరుగా తగులుతుందనో మామయ్యగారు కింది జాలీ కిటికీలను మూసి ఉంటారు. గోడలు కొంచెం లోపలికి వంగడం మంచి గుర్తే, కానీ లోపలి రాడ్లు బయటికి తేలి కనబడేంతగా వంగకూడదు. రెండు పక్కలా కింది కిటికీలు తెరిచి, ఆ జాలీకి పట్టిన దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో దులపండి. చెన్నై దుమ్ముకు రెండు నెలల్లోనే ఆ జాలీ సగం పూడిపోతుంది. ఆ తర్వాత కార్బన్ ఫిల్టర్‌ను విప్పి అటక మీద పెట్టేయండి. అది ఘాటు వాసనను పీల్చడానికి ఉన్నది. అలాంటి సెట్లు ఎక్కువగా చలిదేశాల నేలమాళిగల్లో గంజాయి పెంచేవారిని దృష్టిలో పెట్టుకొని తయారయ్యాయి. లెట్యూస్‌కూ కొత్తిమీరకూ ఫిల్టర్ ఎందుకు? బొగ్గు నింపిన ఆ డబ్బా గుండా గాలిని లాగడానికే ఫ్యాను బలంలో చాలా భాగం పోతుంది. డక్టు గొట్టాన్ని కూడా ముడతలు లేకుండా బాగా లాగి, అవసరమైనంత ఉంచి మిగిలింది కత్తిరించాలి, వంపులు ఒకటికి మించకూడదు. దీపానికి కరెంటును సరిచేసి అందించే డ్రైవర్ పెట్టె వేరుగా ఉండి, తీగ అందేటట్లయితే దాన్ని టెంటు బయట వేలాడదీయండి, దాని వేడి లోపల పడదు. ఇన్నీ చేస్తే, కొత్త ఫ్యాను కొనకుండానే తేడా ఎనిమిది నుంచి మూడు, నాలుగు డిగ్రీలకు దిగుతుందని నా అంచనా. అందుకే పెద్ద ఫ్యాను ఇప్పుడే కొనవద్దంటున్నాను.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. డక్టును ఇప్పటిలాగే కిటికీలో ఉంచి ఇవన్నీ సరిచేస్తే, టెంటు చల్లబడుతుంది కానీ బిల్లు ఇంకా పెరుగుతుంది. వేడి గాలిని బయటికి తోలడం మంచిదే కదా అని అందరికీ అనిపిస్తుంది, ఏసీ లేని గదిలో అది నిజం కూడా. ఏసీ నడుస్తున్న గదిలో మాత్రం ఆ ఫ్యాను బయటికి తోలేది మీరు డబ్బు పోసి చల్లబరచిన గాలిని. ఎంత గాలి బయటికి పోతే అంత బయటి గాలి ఏదో ఒక సందులోంచి లోపలికి రావాలి. ఏప్రిల్ మధ్యాహ్నం చెన్నైలో ఆ గాలి 36 డిగ్రీల వేడితో, దానికి మించిన తేమతో వస్తుంది. ఏసీకి వేడిని దించడం కంటే ఆ తేమను పిండడమే పెద్ద పని. నా లెక్క ప్రకారం, ఇప్పుడు కదులుతున్న ఆ 56 ఘనపు మీటర్లే మీ ఏసీ మీద సుమారు 450 వాట్ల భారం వేస్తున్నాయి. 150 వాట్ల దీపపు వేడిని వదిలించుకోవడానికి మూడింతల వేడిని ఇంట్లోకి పిలుస్తున్నారన్నమాట. గాలి గంటకు 150 ఘనపు మీటర్లకు పెరిగితే ఆ భారం 1,200 వాట్లకు చేరుతుంది. ఒక టన్ను ఏసీ శక్తి 3,500 వాట్లు, అందులో మూడో వంతు దానికే పోతుంది.

అదే డక్టును కిటికీలోంచి తీసేసి, కిటికీ గట్టిగా మూసి, టెంటు గాలిని గదిలోకే వదిలేస్తే ఏసీ మీద పడేది దీపపు 150 వాట్లు, ఫ్యాను తినే కొద్దిపాటి కరెంటు. ఊరికే కూర్చున్న ఒక మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు ఉంటుంది, కాబట్టి గదిలో ఇంకో ఒకటిన్నర మనిషి కూర్చున్నట్టు. అది తోడేయడానికి ఏసీకి యాభై వాట్లకు కాస్త పైన కరెంటు చాలు. ఏసీ వేసినప్పుడు డక్టు గదిలోకి, ఏసీ ఆపినప్పుడు డక్టు కిటికీలోకి: ఈ ఒక్క మార్పు మీరు ఏమీ కొనకుండా చేయగలిగింది. గొట్టం చివర చేత్తో తీసి పెట్టుకునేలా వదులుగా ఉంచండి. థర్మాకోల్ ముక్కకు బదులు, కిటికీ సందు కొలతకు కోసిన ప్లైవుడ్ పలక ఒకటి చేయించుకుంటే ఇంటి ఓనరుకూ అభ్యంతరం ఉండదు.

ఇప్పుడు ఆ వాసన సంగతి. మీరు దాన్ని బిల్లు పక్కన ఒక వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు కానీ, నేను అక్కడే ఆగిపోయాను. గదిలోంచి గాలి బయటికి పోతుంటే బదులు గాలి ఎక్కడి నుంచి వస్తోంది? కిటికీ మూసి ఉంది, ఏసీ చల్లదనం పోతుందని తలుపూ మూసి ఉంటారు. ఇక మిగిలింది బాత్రూమ్. అపార్టుమెంట్లలో బాత్రూమ్ వెంటిలేటర్లు చాలావరకు అన్ని అంతస్తుల డ్రైనేజీ పైపులు దిగే ఇరుకు షాఫ్ట్‌లోకి తెరుచుకుంటాయి. మీ ఇల్లూ అలాంటిదే అయితే, మీ ఫ్యాను రోజంతా ఆ షాఫ్ట్ గాలిని పెద్దాయన గదిలోకి లాగుతోంది. ఆ వాసన ఆయనది కాదు, ఆయన బాత్రూమ్‌ది కూడా కాదు. పది అంతస్తుల పైపులది. రోజుకు పదిసార్లు ఫినాయిల్ పోసి కడిగినా అది పోదు, ఫినాయిల్ వాసన కూడా దానితో కలిసి గదిలోకి వస్తుందంతే. వాసన టెంటు వచ్చాకే మొదలైందా అని గుర్తు చేసుకోండి. ఏసీ కోసం తలుపులు మూయడం మార్చిలో మొదలైంది కాబట్టి, అప్పటి నుంచి ఎక్కువై ఉండాలి.

బిల్లు విషయంలో మీవారి కోపానికి కారణం ఉంది, లెక్క మాత్రం సరిగా లేదు. దీపం రోజుకు 14 గంటలు వెలిగితే 2.1 యూనిట్లు, రెండు నెలలకు 126. ఫ్యాను 30 వాట్లదనుకుంటే రోజంతా తిరిగినా రెండు నెలలకు 43. ఈ 169 యూనిట్లూ మీ 480లో అప్పటికే ఉన్నాయి, ఎందుకంటే జనవరిలోనూ టెంటు ఉంది. పెరిగిన 430 యూనిట్లలో టెంటుకు కట్టగలిగింది, ఏసీ గాలిని బయటికి తోలిన ఖర్చు మాత్రమే. ఏసీ రోజుకు పన్నెండు గంటలు నడిచిందనుకుంటే అది రెండు నెలలకు వంద యూనిట్లకు అటూ ఇటూ ఉంటుంది. మిగిలిన మూడు వందల పైచిలుకు ఇంట్లోని అన్ని ఏసీలదీ, వేసవిదీ. రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటితే లెక్క కట్టే రేట్లు కూడా మారతాయి కాబట్టి, రూపాయల్లో పెరుగుదల ఇంకా పెద్దదిగా కనిపించి ఉంటుంది. ఈ లెక్కను మీవారి ముందు కాగితం మీద పెట్టండి, కానీ మామయ్యగారి ఎదుట కాదు. తన వల్ల ఇంత, తన వల్ల కాదు అంత అని ఎవరో పంచి చెప్పడం వినాల్సిన అవసరం ఆయనకు లేదు.

ఇక ముందు ఎలా నడపాలన్నది మీ ముగ్గురూ కూర్చొని తేల్చుకోవాల్సినది. నాకు బాగా నచ్చిన దారి, దీపం వేళలను తిప్పేయడం. ఇప్పుడు పగలు వెలుగుతున్న దీపాన్ని రాత్రి 8 నుంచి ఉదయం 10 దాకా వెలిగేలా టైమర్ మార్చండి. దీపం వేడి పుట్టే వేళా, ఆయన నిద్ర కోసం ఎలాగూ ఏసీ నడవాల్సిన వేళా ఒకటవుతాయి, పగటి ఏసీ చాలావరకు తగ్గుతుంది. మొక్కకు కావాల్సింది పద్నాలుగు గంటల వెలుగు, అది సూర్యోదయంతో మొదలవ్వాలన్న నియమం దానికి లేదు. ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. మామయ్యగారు సాయంత్రం నీళ్లు పెడుతూ ఉంటారని నా ఊహ. వేసవిలో పొలంలో అందరూ చేసేది అదే, అక్కడ అదే సరైనది కూడా. కానీ టెంటులో సాయంత్రం నీళ్లు పెట్టి దీపం ఆపేస్తే, చల్లబడిన గాలి ఆ తేమను మోయలేక 92 శాతానికి చేరుతుంది, తెల్లారేసరికి నారుకుళ్లు తెగులు పట్టుకుంటుంది. వేళలు తిప్పితే ఆయన ఏ అలవాటూ మార్చుకోనక్కర్లేదు. ఏడున్నరకు నీళ్లు పెడతారు, ఎనిమిదికి దీపం వెలుగుతుంది, తేమను ఫ్యాను లాగేస్తుంది. దీపం ఆగిన వేళల్లో కూడా ఫ్యానును తక్కువ వేగంలో నడవనివ్వాలి, పూర్తిగా ఆపకూడదు. లోపల ఆకులు సన్నగా కదిలేలా క్లిప్పు ఫ్యాను ఒకటి ఉంటే మంచిది. లెట్యూస్ లేత ఆకుల అంచులు మాడితే దానికి కారణం వేడి ఒక్కటే కాదు, గాలి కదలక ఆ ఆకులకు కాల్షియం అందకపోవడం కూడా.

దీనివల్ల కలిగే ఇబ్బందులు చెప్పకపోతే తప్పవుతుంది. ఫ్యాను చప్పుడు ఆయన నిద్రలో పడుతుంది. దాన్ని టెంటు రాడ్డుకు బిగించకుండా తాడుతో వేలాడదీస్తే అదురు చాలావరకు తగ్గుతుంది. అయినా కొందరికి ఆ హోరు పడదు. జిప్పు సందుల్లోంచి వెలుగు వస్తే నల్లటి టేపు వేయాలి. పగలు పది తర్వాత టెంటు చీకటిగా ఉంటుంది కాబట్టి, మధ్యాహ్నం మొక్కల ముందు కూర్చోవడం ఆయనకు కుదరదు. తెల్లవారుజామున లేచే మనిషైతే ఐదు నుంచి పది దాకా అవి ఆయనవే.

అది నచ్చకపోతే, గాలిని మార్చడం మానేసి పంటను మార్చవచ్చు. లెట్యూస్, కొత్తిమీర చలికాలపు మొక్కలు. వాటికి ఇష్టమైన చల్లదనాన్ని మే నెల చెన్నైలో నిలబెట్టడమంటే టెంటుకు కాక ఏసీకి సేవ చేయడమే. తోటకూర, గోంగూర, బచ్చలి 32, 33 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతాయి. రోజు చిన్నదైతేనే పూతకొచ్చే గుణం గోంగూరది, కాబట్టి 14 గంటల దీపం కింద అది ఆకు మీదే ఉంటుంది. అప్పుడు టెంటును ఏసీ లేని హాలు మూలకు మార్చి, డక్టును కిటికీలోంచి బయటికి పెట్టవచ్చు, అక్కడ అది సరైన పనే చేస్తుంది. లెట్యూస్ మళ్లీ నవంబరులో. మీ సలాడ్ కోసమే ఆయన లెట్యూస్ వేస్తున్నారేమో ఒకసారి ఆలోచించండి. "మామయ్యా, గోంగూర తిని ఎన్నాళ్లయిందో" అని మీరు అంటే సగం పని అయిపోవచ్చు.

దీపాన్ని వంద వాట్లకు తగ్గించడం ఇంకో మార్గం. వేడి మూడో వంతు తగ్గుతుంది, అంత చిన్న చోట ఆకుకూరలకు ఆ వెలుగు సరిపోతుంది, కోతకు కొన్ని రోజులు ఆలస్యమవుతుందంతే. దీన్ని పై రెండు మార్గాల్లో దేనితోనైనా కలపవచ్చు.

కూలర్ వద్దు. నీటి ఆవిరితో చల్లబరిచే యంత్రం కర్నూలులో పనికొస్తుంది, గాలి ఇప్పటికే తేమతో బరువెక్కిన ఈ సముద్రపు ఊళ్లో అది నారుకుళ్లుకు నీళ్లు పోసినట్టే. ఐస్ సంగతి లెక్కేసి చూశాను. రెండు లీటర్ల నీటి ఐస్ పూర్తిగా కరిగితే మీ దీపం వేడిని గంటా పావు మాత్రమే ఆపుతుంది. దానికోసం ఫ్రిజ్ రాత్రంతా వంటింట్లోకి వదిలే వేడి అంతకంటే ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద ఉంటే మాత్రం ఈరోజే గోడకు, నడుమెత్తున బిగించండి, నీళ్లు పట్టుకొని తిరిగే మనిషి ఉన్న గది అది.

వీటిలో ఏది ఎంచుకున్నా, ఆ మాట కోడలి నోటి నుంచో కొడుకు నోటి నుంచో నిర్ణయంలా రాకుండా చూడండి. రెండు చిన్న డిజిటల్ థర్మామీటర్లు, తేమ కూడా చూపించేవి, కొని ఆయన చేతికివ్వండి. ఒకటి టెంటులో ఆకుల ఎత్తున, దీపం వెలుగు నేరుగా పడకుండా, ఇంకొకటి గదిలో. ఉదయం సాయంత్రం రెండింటి తేడా ఒక నోటుబుక్కులో రాయమనండి. ఎన్నో ఏళ్లు నిమ్మతోట చూసిన మనిషికి నారుకుళ్లు ఎందుకు వస్తుందో మీరూ నేనూ చెప్పేదేముంటుంది? తేమ 92 అని ఆయన కళ్లకు కనబడితే ఏం చేయాలో ఆయనే చెబుతారు.

మీవారికి మాత్రం ఆదివారం ఒక పని అప్పగించండి. గది తలుపు, కిటికీ మూసి, డక్టు ఇప్పటిలాగే బయటికి ఉండగా ఫ్యాను వేసి, వెలిగించిన అగరుబత్తిని బాత్రూమ్ తలుపు సందు దగ్గర ఆయన్నే పట్టుకోమనండి. పొగ గదిలోకి వంగుతుంది. ఫ్యాను ఆపండి, పొగ నిటారుగా లేస్తుంది. మళ్లీ వేయండి, మళ్లీ వంగుతుంది. ఆ తర్వాత తండ్రితో ఏం మాట్లాడాలో ఆయనకు వదిలేసి, మీరు గదిలోంచి బయటికి వచ్చేయండి.